మబ్బు లేని సాయంత్రాల పెద్దమ్మ

మా పెద్దమ్మ సుభద్రమ్మ కన్నుమూసింది. ఈ వాక్యం రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను. కళ్యాణదుర్గంలో పాఠాలు చెప్పడానికి కళాశాలకు బయలుదేరి బస్సు కోసం నిలబడి ఉండగా పెదనాయన ఫోన్ చేశారు. "పాపా, మీ పెద్దమ్మ మిద్దె మింద పండుకున్నది పండుకున్నట్టే పోయినాది" అన్నారు. నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రమే ఆమె ఫోన్‌లో నాతో పోట్లాడింది. ఆదివారం వస్తానని రాలేదని, జ్యేష్ఠా నక్షత్రం పడమటికి వాలిపోతోందని, అది నా కోసం ఆగదని. నక్షత్రం సంగతి సరే, ఆమె ఆగలేదు. ఎంత అన్యాయం! వార్త విన్నప్పటి నుంచి నా హృదయం శూన్యమై, ఈ వ్యాసం కూడా ఆగి ఆగి రాస్తున్నాను.

ఆమెను ఎరగనివారి కోసం కొంత చెప్పాలి. సుభద్రమ్మ మా అమ్మకు అక్క. కళ్యాణదుర్గం దాపున ఒక పల్లెలో వేరుశెనగ రైతు ఇంటి కోడలు. చామనఛాయ, స్థూలకాయం, నెరిసిన జుట్టు. ఆ జుట్టుకు ఏనాడూ రంగు పూయలేదు. పై పెదవి మీది నూనూగును చూసి పిల్లలు నవ్వితే వాళ్ళకంటే గట్టిగా తానే నవ్వేది. భగవంతుడిచ్చిన దేహంతో ఆమెకు వైరం లేదు. ఆకాశంతో మాత్రం గాఢమైన స్నేహం. ఆ స్నేహం మొదలైన తీరు విచిత్రం.

ఆమె కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, ముట్టు దినాల్లో ఆడవాళ్ళు ఆ ఇంటి గడప తొక్కకూడదు. పశువుల కొట్టం పక్కన ఆరుబయట చాప వేసేవారు. వంచిన నడుము ఎత్తని కోడళ్ళకు అదొక్కటే విశ్రాంతి. మిగిలినవాళ్ళు ముసుగు తన్ని నిద్రపోతే పెద్దమ్మ వెల్లకిలా పడుకొని పైకి చూసేది. ఆ ఇంటి ముసలవ్వ ఒకరోజు దూరం నుంచే గొల్లకావడి, పిల్లలకోడి అనే చుక్కల గుంపులను చూపించిందట. అక్కడి నుంచి ఇక ఆపినవాళ్ళు లేరు. "మైలని నన్ను ఆడికి తోసినారు పాపా. నిజంగా మైలైతే చుక్కలు మొగం తిప్పుకోవల్ల కదా? ఒగటన్నా తిప్పుకోలే" అనేది. తన పెత్తనం వచ్చాక ఆ ఆచారాన్ని తానే మాన్పించి, కోడళ్ళను ఇంట్లోనే పడుకోమంది. ముట్టు నిలిచిన ఏడు, "ఇంగ నన్నెవరూ బయటికి తోయరు, నేనే పోవల్ల" అని నవ్వుతూ తన చాపను మిద్దె మీదికి మార్చుకుంది.

మా సీమలో పైకి చూడని మనిషి ఉండడు. చూసేది మబ్బు కోసం. పెదనాయన కూడా అందుకే చూసేవారు. పొద్దు వాలగానే ఆలుమగలిద్దరూ మిద్దె చేరేవారు, ఆయన మబ్బు కావాలని, ఆమె తేట కావాలని. ఇద్దరికీ పందెం. మబ్బు కమ్మితే ఆమె ఆయన కాళ్ళకు నూనె రాయాలి, తేటగా ఉంటే ఆయన ఆమె కాళ్ళకు రాయాలి. అనంతపురం జిల్లాలో ఎవరు ఎక్కువగా గెలిచి ఉంటారో నేను చెప్పాలా? అయితే వాన లేక పంట మాడుతున్న ఏళ్ళలో మాత్రం గెలిచి కూడా కాళ్ళు చాపేది కాదు. "చేను ఎండుతాంటే నాకేం సంబరం? ఈ పొద్దు నేనే రాస్తా, ఇట్ల సాపు" అనేది. ఆయన మొహమాటపడుతూ చాపేవారు.

రొమ్ములో గడ్డ అని తేలినప్పుడు బెంగళూరులో శస్త్రచికిత్స చేసి ఎడమ రొమ్మును తొలగించారు. ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఆమె కూడా ఏడ్చింది. ఏడవలేదని రాస్తే గొప్పగా ఉంటుంది గాని అబద్ధం అవుతుంది. నెలల తరబడి మిద్దె ఎక్కలేదు. ఆమె ఆడబిడ్డ సావిత్రమ్మ మనసు వెన్న. రవికెలో పెట్టుకునే మెత్తలు బెంగళూరులో అమ్ముతారని ఎవరి దగ్గరో విని, పెదనాయన ప్రాణం తోడేసింది. చివరికి ఆయన పెద్దమ్మను వెంటబెట్టుకొని వెళ్ళారు. అంగట్లో ఆమె ఆ మెత్తను అరచేతిలో పట్టుకొని, "ఇది ఎవరికోసమమ్మా? నాకా, చూసేటోళ్ళకా?" అని అడిగిందట. ఆ సాయంత్రం ఇద్దరూ బస్సు దిగేసరికి పెదనాయన భుజం మీద పొడుగాటి పెట్టె ఉంది. అందులో దుర్భిణి.

సావిత్రమ్మ నెత్తి కొట్టుకుంది. "పోయింది దేనికి, తెచ్చింది ఏంది వదినా!"

"దీంట్లో నుంచి నేను చూస్తా సావిత్రీ. అదైతే ఊరు నన్ను చూసేకి" అంది పెద్దమ్మ. దీపాలు పెట్టే వేళకు మళ్ళీ మిద్దె ఎక్కింది.

ఇక నా సంగతి. హైస్కూలు చదువు నాటి నుంచి నా రెండు చేతుల నిండా బొల్లి మచ్చలు. మణికట్టు దాకా వచ్చే రవికె తప్ప తొడిగి ఎరగను. తరగతిలో సుద్దముక్క పట్టిన చెయ్యి పైకెత్తితే రవికె అంచు జారుతుందేమోనని నల్లబల్ల మీద సగం ఎత్తు దాకానే రాసేదాన్ని. పెద్దమ్మకు ఇవేవీ పట్టవు. "ఈ ఎండల్లో మణికట్ల కాడికి రవికె యాటికే? మచ్చలకు చలేస్తాందా?" అని నలుగురిలో అడిగేసేది. నాకు చచ్చేంత కోపం వచ్చేది. ఒకసారి బంధువొకాయన నన్ను ఓదార్చబోయి, నా మచ్చలు నక్షత్రాల్లా ఉన్నాయన్నాడు. పెద్దమ్మ ఆయన మీద ఇంతెత్తున లేచింది. "చుక్కలు చుక్కలే, మచ్చలు మచ్చలే. ఉన్నది ఉన్నట్టు చూసేకి కండ్లు చాలవా నీకు?" ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

పోలికలు వద్దన్న మనిషి తన లావుకు మాత్రం భేషుగ్గా పోలిక తెచ్చుకుంది! జ్యేష్ఠ వయసు మళ్ళిన నక్షత్రమని, ఆ వయసులోనే ఉబ్బి ఎర్రబడిందని నేను ఎక్కడో చదివి చెప్పాను. అంతే, ఇరుగుపొరుగు ఆడవాళ్ళందరినీ మిద్దెకు పిలిచి దుర్భిణి ముందు నిలబెట్టింది. "చూడండమ్మే, ముసల్దయి లావైనాక ఎట్ల వెలుగుతాందో! దాన్ని ఎవరన్నా తిండి తగ్గించమంటాండారా?" వాళ్ళు వంతు కోసం ఒకరినొకరు తోసుకునేవారు. పమిటలు వదులు చేసుకొని కూర్చొని, కాన్పుల చారల గురించి, ఊడిపోతున్న జుట్టు గురించి, ఇంట్లో ఎవరికీ చెప్పుకోని నొప్పుల గురించి చెప్పుకునేవారు. అంత బాహాటంగా నవ్విన ఆడవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ నవ్వుల కోసం ఇప్పుడు ప్రాణం కొట్టుకుపోతోంది.

అలాంటి ఒక సాయంత్రం, అందరూ దిగిపోయాక, నన్ను ఆపింది. "నేను పోయినప్పుడు సావిత్రి నా రవికెలో గుడ్డలు కుక్కుతాది. నాకు తెలుసు. దానిది ప్రేమే. కానీ నన్ను అట్ల పంపొద్దండి. నేను ఎట్లుంటే అట్ల పోవల్ల. నువ్వే చూసుకోవల్ల పాపా." నేను మాట మార్చబోయాను. నా చెయ్యి పట్టుకొని, సరే అనిపించుకున్నాక గాని వదల్లేదు. సొంత చేతులే నలుగురికి చూపలేని దానికి ఇంత పని అప్పగించిందేమిటా అని ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను.

అన్నంత పనీ అయింది. పెరట్లో చీరలు అడ్డం కట్టి పెద్దమ్మకు పసుపునీళ్ళు పోశారు. పుణ్యస్త్రీగా పోయింది, ధన్యురాలు అన్నారు. ధర్మవరం పట్టుచీర కట్టబోతుండగా సావిత్రమ్మ, వెక్కివెక్కి ఏడుస్తూనే, పాత చీర ముక్కను ఉండగా చుట్టి రవికె ఎడమ పక్కన సర్దింది. చుట్టూ బంధువులు, అందరూ నాకంటే పెద్దవాళ్ళు. కుచ్చిళ్ళు పెట్టడం మొదలైంది. ఇప్పుడు ఊరుకుంటే ఇంకెప్పటికీ ఊరుకున్నట్టే.

"సావిత్రత్తా, ఆ గుడ్డ తీసేయ్" అన్నాను.

"ఏందే?"

"తీసేయ్ అత్తా. పెద్దమ్మ వద్దనింది."

"మా వదినను బోసిగా పంపల్లనా? ముత్తైదువే అది! నలుగురూ చూస్తారే!" అని బావురుమంది.

నలుగురూ చూస్తారు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను కట్టిపడేసిన మాట అదే. నా రవికె చేతులు మోచేతుల పైదాకా మడిచాను. నీళ్ళకు తడుస్తాయని మడిచాననుకున్నారేమో కొందరు. కాదు. ఆ మచ్చల చేతులతోనే గుడ్డ ఉండను బయటికి తీసి పక్కన పెట్టాను. సావిత్రమ్మ అంతవరకూ నా చేతులను చూసి ఎరగదు. చూస్తూ నిలబడిపోయింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకొని, "సరే, ఆ పక్క కొంగు పట్టు" అంది. ఇద్దరం కలిసి చీర కట్టాం. ఎడమ పక్క చదునుగా, కుడి పక్క నిండుగా, పెద్దమ్మ పెద్దమ్మలాగే వెళ్ళింది.

పెద్దదినం నాటి సాయంత్రం ఆకాశం మూసుకొని వాన పట్టుకుంది. మాడిపోతున్న చేలు తడిశాయి. సుభద్రమ్మ పోతూ పోతూ వాన పంపిందని ఊరంతా అంది. పెదనాయన కనిపించకపోతే మిద్దె ఎక్కాను. గోనెపట్ట కప్పిన దుర్భిణి పక్కన, పెద్దమ్మ కుర్చీ పట్టుకొని, తడుస్తూ నిలబడి ఉన్నారు.

"కిందికి రా పెదనాయనా. వానొచ్చింది కదా, చేను బతికింది" అన్నాను.

"బతికినాది పాపా. ఆయుసంతా ఈ వాన కోసరమే పైకి చూసినా. ఈ పొద్దు ఒక్కదినం మాత్రం మీ పెద్దమ్మ గెలిస్తే బాగుండునని చూస్తాండా" అన్నారు. ఆయన్ని పట్టుకొని ఏడ్చాను.

పెద్దమ్మా, మబ్బు విడిచింది. సావిత్రత్త కూడా వస్తానంటే ఇద్దరం కలిసి మిద్దె ఎక్కాం. నీ పాదాలకు మొక్కాలంటే ఎటు తిరగాలో తెలియక, పైకి చూసి చేతులు జోడించాను. పొట్టిచేతుల రవికె తొడుక్కున్నానే! మచ్చలకు చలి తగ్గిందా అని అడగడానికి నువ్వు లేవు.