చేప దవడ

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. రాజమండ్రి నుంచి వచ్చి అప్పటికి రెండు నెలలే. పిల్లలు ప్రతి అసైన్‌మెంటూ ఏఐతో రాయించి తెచ్చేస్తుంటే ఒళ్ళు మండి, ఒక పని పెట్టాను. ఎవరి ఊరి గురించి వాళ్ళు ఏఐని అడగాలి, అది చెప్పినదాంట్లో అబద్ధాన్ని పట్టుకోవాలి.

పొందూరు అమ్మాయి లావణ్య లేచి, ఏఐ చెప్పింది ఫోన్‌లో చూసి చదవడం మొదలుపెట్టింది. "ఇక్కడ ఖద్దరుకి వాడే పత్తిని చేప దవడతో దువ్వుతారు."

నేను పడీపడీ నవ్వాను. "చూశారా, ఈ ఏఐ ఎంత ధైర్యంగా కోతలు కోస్తోందో!" అంటూ ఆ వాక్యాన్ని బోర్డు మీద రాసి కొట్టేశాను. క్లాసంతా నవ్వింది. లావణ్య తల దించుకుని కూర్చుంది.

మర్నాడు ఆమె ఒక కాగితం పొట్లం తెచ్చి నా టేబుల్ మీద విప్పింది. లోపల సన్నటి పళ్ళ వరుసతో ఒక చిన్న ఎముక, గుప్పెడు పత్తి ఉన్నాయి.

"వాలుగ సేప దవడండి. మా మామ్మ దీంతోనే దువ్వుతాది" అంటూ దువ్వి చూపించింది. నలకలన్నీ పోయి పత్తి మెత్తగా విచ్చుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "మరి నిన్న చెప్పలేదేం?"

"మీరు కొట్టేసినాక, నేను రోజూ సూసిందే తప్పేమో అనిపించింది మేడమ్."

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఏఐని గుడ్డిగా నమ్మొద్దంటూ, నన్ను మాత్రం గుడ్డిగా నమ్మేలా చేశాను. అందరి ముందూ లావణ్యకి క్షమాపణ చెప్పాను.

మొన్న పాఠం మధ్యలో నేనేదో ఖాయంగా చెబుతుంటే ఆ పిల్లే చెయ్యెత్తింది. "అది మీకెలా తెలుసు మేడమ్?"

సుద్దముక్క పక్కన పెట్టి, ఎంతో సంతోషంగా "తెలీదు, కనుక్కుందాం" అన్నాను.