నూగాకు నీలిపువ్వు

చోడవరంలో చెరకు కొట్టే దేముళ్ళు, కోతలవగానే మొక్కలు వెతికేవాళ్ళను మాడుగుల కొండలెక్కిస్తాడు. ఆకును పైపెదవికి రాసుకుని, నూగు తగిలితే ఒక జాతి, నున్నగా ఉంటే మరొకటి అని తేలుస్తాడు. శిఖరాల మీది నూగాకు నీలిపువ్వును మొదట గుర్తుపట్టింది తానేనని ఊరంతా చెప్పుకుంటాడు. మొన్న దాని ఆఖరి మొక్క ముందు ఒక ప్రొఫెసరు గునపం ఎత్తాడు.

“కొమ్మ తుంచుకోండి సారూ, ఏరు ముట్టుకోకండి.”

“వేరు లేకపోతే కొత్త జాతని ఎవరూ నమ్మరు. తప్పుకో.”

“అవతల రెండు కొండలయీ ఏర్లతోనే పీకీసేరు. ఒక్కటైనా బతికిందేటి?”

గునపం దిగబోయింది. దేముళ్ళు చెరకు కత్తిని తిరగేసి ఆయన మణికట్టు మీద కొట్టాడు. ఎముక విరిగింది. అరుస్తున్న ఆయన చేతికి తన తువాలే కట్టాడు.

“నీ మీద కేసు పెడతాను!”

“ఎట్టుకోండి బాబూ. కేసు తేలీలోగా ఇది గింజలు రాల్సెత్తాది.”