క్రేన్ మీద పాప

మా అక్కకి యాభై దాటాయి. మోకాళ్ల నొప్పులు, కళ్లజోడు, ఇద్దరు మనవలు. అయినా ఇంటా బయటా ఆవిడ పేరు పాపే. అసలు పేరు గుర్తింపు కార్డు మీద తప్ప ఎక్కడా కనబడదు. ఆ పేరుతో పిలిస్తే పక్కవాళ్లని పిలుస్తున్నారనుకుంటుంది.

మేమిద్దరం రేవులో పనిచేస్తాం. నేను కింద సరుకుకి ఇనుప తాళ్లు కట్టి కొక్కేనికి తగిలిస్తాను. అక్క చిన్న క్రేన్ నడుపుతూ పెద్ద క్రేన్ మీద కన్నేసి ఏళ్లు గడిపింది. "ఆ పైగదిలో కూర్చోకుండా రిటైరవను" అనేది. అన్నంత పనీ చేసింది. పరీక్ష నెగ్గి, ఒక నెల చూద్దామని పైవాళ్లంటే పైకెక్కింది. నెలాఖరుకి సూపర్‌వైజరు సరేనంటే ఆ సీటు ఆవిడదే, కాదంటే మళ్లీ చిన్న క్రేనే.

రేవులో ఒక పద్ధతి ఉంది. వాకీటాకీలో ముందు ఆపరేటర్ పేరు, తర్వాతే పని. అండీలూ గిండీలూ ఉండవు. విన్నవాళ్లు పేరుతో సహా తిరిగి చెప్పాకే కొక్కెం కదులుతుంది. నాలుగు క్రేన్లు పక్కపక్కనే తిరిగే చోట ఆ పద్ధతే లేకపోతే మా బతుకులు గాలిలో దీపాలు.

అసలు తంటా అక్కడే వచ్చింది. పాప అనేది మా ఇంట్లో ముద్దు పేరు. రేవులో పరాయి ప్రాంతం నుంచి వచ్చిన వెల్డరు ఒకడున్నాడు, అతని భాషలో అదే మాటకి నాన్న అని అర్థం. గడ్డం నెరిసిన ఆ మనిషి మా అక్కని అలా పిలిచి తనే పడీపడీ నవ్వేవాడు. సూపర్‌వైజరు భాషలో మాత్రం అది ఘోరమైన తప్పుకి వాడే మాట. మనం చివర సున్న పెట్టి పాపం అనేదాన్ని వాళ్లు సున్న లేకుండానే అంటారు. బరువు గాలిలో ఉండగా చెడ్డమాట నోట రాకూడదని ఆయనకి గట్టి పట్టింపు. ఎగతాళి కాదు, నిజంగానే భయం. ఆయన కళ్లముందే ఒకసారి తాడు తెగి మనిషి పోయాడట.

"ఆ మాట నేననలేనమ్మా. మిమ్మల్ని తార అంటాను," అన్నాడు మర్యాదగానే.

అక్క మొహం మాడ్చుకుంది. నేనే బతిమాలాను. "ఒక్క నెల ఓర్చుకో అక్కా. సీటు వచ్చాక నీ ఇష్టం."

ఒక ఉదయం ఇనుప దూలాలు దించుతున్నాం. కట్ట నా మోకాలి ఎత్తుకి వచ్చింది. దాని కింద చెక్క దిమ్మ సర్దడానికి చేతులు పెట్టాను. "తార, ఆపు," అన్నాడు సూపర్‌వైజరు. ఆగలేదు. మళ్లీ అరిచాక ఆగింది. ఈలోగా చేతులు లాక్కున్నాను కాబట్టి బతికిపోయాను. దిమ్మ మాత్రం నుజ్జయింది.

అక్క కట్టని నేల మీద పెట్టి కిందికి దిగింది. నావైపు చూడకుండా నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది.

"తార ఎవరా అనుకున్నానండీ. ఆ కాస్త ఆలస్యానికే వీడి చేతులు పోయేవి. ఇక ఆ పేరుతో నేను ఎత్తను."

"అయితే మీకు చిన్న క్రేనే," అన్నాడాయన.

"రేపట్నుంచి అక్కడికే పంపండి. ఇవాళ మాత్రం పైన కూర్చుంటాను. పాప అని వినబడితే ఎత్తుతాను, లేకపోతే కూర్చునే ఉంటాను."

"అక్కా, ఊరుకో," అన్నాను. ఇన్నేళ్ల కల చేతులారా పోగొట్టుకుంటోందని నా ఏడుపు.

"నువ్వు ఆ చేతులు జేబుల్లో పెట్టుకుని నుంచో," అని నిచ్చెన ఎక్కేసింది.

కొక్కెం కదల్లేదు. ఓడ మీద నుంచి కేకలేశారు. ఎండ నెత్తికెక్కింది. ఆవిడ మొండితనానికి నాకు ఒళ్లు మండింది, లోపల గర్వంగానూ ఉంది. సూపర్‌వైజరు కట్ట చుట్టూ తిరిగాడు. నుజ్జయిన దిమ్మ దగ్గర కూర్చుని దాన్ని చాలాసేపు చూశాడు.

తర్వాత లేచి నా దగ్గరికొచ్చాడు. "నువ్వు అవతలికి వెళ్లు," అన్నాడు. తాళ్లు తనే సరిచూసి, కొత్త దిమ్మ తనే తెచ్చుకుని, నేను నిలబడే చోట నిలబడ్డాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"పాప," అని ఆగాడు. "ఎత్తు."

"పాప. ఎత్తుతున్నాను," అంది అక్క.

కట్ట మోకాలి ఎత్తుకి లేచింది.

"పాప, ఆపు."

మాట పూర్తయ్యేలోపే ఆగింది. ఆయన వాకీటాకీ నడుముకి తగిలించుకుని, వంగి, రెండు చేతులూ కట్ట కిందికి పెట్టి దిమ్మ సర్దాడు.