నడిపించు అనే మాట

మా బడిలో పంతులు ఒక క్రియను నల్లబల్ల మీద రాసి, దానితో సొంతంగా వాక్యం చెప్పమనేవాడు. చెప్పలేనివాళ్లు నిలబడాలి. నేను నిలబడ్డ రోజులు తక్కువ. తెలివి ఎక్కువై కాదు, నోరు ఊరుకోక. తప్పో ఒప్పో ముందు అనేసేదాన్ని. నిజాం కాలంలో రామన్నపేట వైపు సర్కారు బడి అంటే ఉర్దూ చదువు. మా వాడలో మిషన్ వాళ్లు పెట్టిన బడిలో తెలుగు చెప్పేవారు. బడీ గుడీ ఒకే కొట్టం. ఆదివారం నల్లబల్లను గోడవైపు తిప్పితే గుడి, సోమవారం మళ్లీ ఇటు తిప్పితే బడి.

ఒకరోజు పంతులు రాసిన మాట 'నడిపించు'. ముందు కూర్చున్న పిల్లవాడు "మా నాయిన బండి నడిపిస్తడు" అన్నాడు. ఇంకొక పిల్ల "అక్క తమ్మున్ని ఏలు పట్టి నడిపిస్తది" అంది. నా వంతు రాకముందే నేను లేచి, "మా బాపు ప్రార్థన నడిపిస్తడు, ఆట గూడ నడిపిస్తడు" అన్నాను.

అందులో అబద్ధం లేదు. మా బాపు ఉపదేశి. పెద్ద పాదిరి ఎప్పుడో ఒకసారి గుర్రబ్బండి మీద వచ్చిపోయేవాడు. మిగిలిన ఏడాదంతా, పెండ్లయినా చావయినా, పుస్తకం పట్టుకుని ముందు నిలబడేది బాపే. పక్క ఊరితో చెడుగుడు పెట్టుకున్నా నడిగీత దగ్గర నిలబడి, కూతకు పోయినవాడు ఊపిరి వదలకుండా తిరిగొచ్చాడో లేదో చెప్పేదీ బాపే. రెండు పనులకూ మా దగ్గర ఒకటే మాట. రెండింటికీ ఆయన్నే పిలవడం నాకు ఎంత గొప్పగా ఉండేదో!

నా మాట పూర్తయిందో లేదో, వెనక నుంచి పెద్దబాపు కూతురు అందుకుంది. "మా చిన్నబాపు ఆట నడిపిస్తడు గని, న్యాయంగ నడిపియ్యడు."

బడి అంతా గొల్లుమంది. నేను పోయి దాని జడ పట్టుకున్నాను. పంతులు మమ్మల్ని విడదీసి, "ఇద్దరి వాక్యాల్లోనూ తప్పు లేదు, కూర్చోండి" అన్నాడు. జడ వదిలాను కానీ, దాని వాక్యంలో తప్పు లేదన్నందుకు పంతులు మీద కోపం చాలాకాలం పోలేదు.

అది అలా అనడానికి కారణం ఉంది. అంతకు ముందే చిట్యాల వైపు ఊరివాళ్లతో చెడుగుడు జరిగింది. చివరి కూతకు మా పెద్దబాపు కొడుకు పోయాడు. ఇద్దరిని తాకి, గీత మీద పడబోతూ ఉండగా బాపు చెయ్యెత్తి "కూత తెగింది" అన్నాడు. మా ఊరు ఓడిపోయింది. పెద్దబాపు జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"తమ్మీ, వాడు నీ అన్న కొడుకురా."

"గీత కాడ నిలవడ్డంక నాకు అన్న లేడు, అన్న కొడుకు లేడు" అన్నాడు బాపు.

పెద్దబాపు తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. "గట్లనా? అయితె నువ్వు నడిపిచ్చే కాడికి ఇగ నేను రాను. నాకు గూడ తమ్ముడు లేడు."

అన్న మాట నిలబెట్టుకున్నాడు. గుడికి రావడం మానేశాడు, మా గడప తొక్కడం మానేశాడు. బాపు కూడా పోయి పిలవలేదు. ఇద్దరి తల్లి, మా అవ్వ, పొద్దున ఆ ఇంట్లో జొన్న గటక, రాత్రి మా ఇంట్లో గటక తాగుతూ ఇద్దరినీ తిట్టేది. "సచ్చినంక పాడె మీదికెల్లి లేసి సూడనీకి రాను గని, నేను పోయిన్నాడన్న ఇద్దరు ఒక్కకాడ నిలవడుండ్రిరా" అనేది. అవ్వ కోసమైనా వాళ్లు కలవాలని నాకూ ఉండేది. రోజూ ప్రార్థనలో అదే అడిగేదాన్ని.

ఎండాకాలంలో ఒక పొద్దున అవ్వ పోయింది. పెద్దబాపు దొర గడీలో వెట్టికి పోయి ఉన్నాడు. మనిషిని పంపారు. ఆయన వస్తాడా రాడా అని వాడంతా ఒకటే గుసగుస. నడిపించేది బాపే అయితే రానని ఒట్టేసినట్టు అన్నాడు కదా. ఇంకొక ఉపదేశిని పిలిపిద్దామంటే పొద్దుగూకేలోపు వచ్చే దూరంలో ఎవరూ లేరు.

బాపు తెల్ల అంగీ వేసుకుని, పుస్తకం పట్టుకుని, అవ్వ తల దగ్గర నిలబడ్డాడు. కంట్లో తడి లేదు. ఎవరింట్లో చావుకైనా ఆయన అలాగే నిలబడేవాడు, గొంతు వణికేది కాదు. కానీ పండుకున్నది ఆయన తల్లి. ఆ ముఖం చూస్తే ఆ రోజు నాకు భయం వేసింది.

పొద్దు వాలుతుండగా పెద్దబాపు వచ్చాడు. అవ్వ ముఖాన్ని తువ్వాలతో తుడిచి, లేచి, నేరుగా బాపు దగ్గరికి నడిచాడు. ఇక జగడమే అనుకున్నాం. ఆయన బాపు చేతిలోని పుస్తకం తీసి గూట్లో పెట్టాడు.

"ముంగట నిలవడుడు సాలు తమ్మీ. గీ మూలకు రా, పాడె పట్టు."

"మరి ప్రార్థన?" అన్నాడు బాపు, ఏమీ తోచనివాడిలా.

"వచ్చినోళ్లు వచ్చినంత జేస్తరు. రానిది దేవునికి వస్తది."

అన్నదమ్ములిద్దరూ ముందు కొమ్ములు ఎత్తారు. ముసలమ్మలు ఎవరికి తోచిన పాట వాళ్లు అందుకున్నారు. ఒకరు మొదటి చరణంలో ఉంటే ఇంకొకరు మూడోదానిలో ఉన్నారు. ముందు నిలబడి సరిదిద్దేవారు లేరు. అలాగే రాళ్లగడ్డ మీది బొంద దాకా పోయాం. అవ్వను దించాక ఎవరో ప్రభువు నేర్పిన ప్రార్థన మొదలుపెట్టారు. అందరం గొంతు కలిపాం. మధ్యలో బాపు గొంతు ఆగిపోయింది. ఆయన ఎర్రమట్టిలో కూలబడి బావురుమన్నాడు. బాపు ఏడుపు ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలియదు. అంతలోనే అలవాటు కొద్దీ ముఖం తుడుచుకుని, ఆశీర్వాదం చెప్పడానికి లేవబోయాడు.

పెద్దబాపు ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"ఏడువు తమ్మీ. గామె నీక్కూడ తల్లే."