చాప ఎత్తిన సినెవా

మా దీవి రాజధాని అపియాలో, మంత్రి కార్యాలయంలో పంతొమ్మిదేళ్లు కోకో కాచి పోసింది మా సినెవా పెద్దమ్మ. కలప వ్యాపారి మొహమే ఎరగనని మంత్రి లోఫిపో లంచం కేసు విచారణలో బైబిల్ మీద ప్రమాణం చేస్తే, "ఇద్దరికీ నేనే పోశాను. ఆ వ్యాపారికి మూడు చెంచాల చక్కెర" అని ఈవిడ చెప్పేసింది. ఆమెదే అబద్ధమని మంత్రి ఆవిడ ఉద్యోగం ఊడగొట్టించాడు. చివరికి దొంగ ప్రమాణం రుజువై ఆయనకే రెండేళ్లు జైలు పడింది.

నిన్న తెల్లవారేసరికి మంత్రి అన్న సెమిసి తల మీద సన్నచాప కప్పుకుని మా వాకిట్లో కూర్చున్నాడు. మా ఆచారంలో క్షమాపణ అడగడం ఇలాగే: ఇంటివాళ్లు చాప ఎత్తితే మన్నించినట్టు, ఎత్తకపోతే ఎండలో అలాగే కూర్చోవాలి. నేనైతే మధ్యాహ్నం దాకా మాడ్చేదాన్ని. పెద్దమ్మ వెంటనే వెళ్లి ఎత్తేసింది.

"లే అన్నా. మీవాడి మీద నాకింక కోపం లేదు. లోపలికి రా, కోకో తాగుదువుగాని."

సెమిసి కళ్లు తుడుచుకుని జేబులోంచి క్షమాభిక్ష అర్జీ తీశాడు. "నువ్వు సంతకం పెడితే వాణ్ని వదిలేస్తారు చెల్లీ."

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివింది. మంత్రి మరిచిపోయాడే తప్ప అబద్ధమాడలేదని ఉంది.

"ఇదేంటిది?"

"లాయరు ఊరికే అలా రాశాడమ్మా."

"ఊరికే సంతకం పెడితే జైల్లో మీవాడి పక్కగది నాకిస్తారు. 'అబద్ధమాడాడు, అయినా వదిలేయండి' అని రాయించుకు రా. ఇక్కడే, ఇప్పుడే పెడతాను."

సెమిసి కోకో తాగకుండానే వెళ్లిపోయాడు. చాప మాత్రం మా ఇంట్లోనే ఉంది.