నీలం దర్వాజ రాని ప్రింటర్

2023 ఎండాకాలం. మెదక్ బస్టాండు నుంచి బజారుకు పోయే దారిలో నాదొక చిన్న ప్రింటర్ రిపేరు షాపు. ఆ నెలల్లో మధ్యాహ్నమైతే రోడ్డు మీద పురుగు కూడా కనపడదు. చర్చి వైపు నుంచి వేడిగాలి వచ్చి షాపు ముందు కట్టిన పచ్చ పరదాను ఊపుతుంటుంది. లోపల పచ్చటి నీడ. నేను సగం నిద్రలో, సగం మెలకువలో కూర్చుని ఉంటాను. అయినా అది మాకు గిరాకీ కాలమే. వాడకుండా పక్కన పెట్టిన ఇంక్‌జెట్ ప్రింటర్లన్నీ అప్పుడే మొండికేస్తాయి.

ఇంక్‌జెట్ అంటే సిరాను చుక్కలు చుక్కలుగా కాగితం మీద చిమ్మే మెషీన్. చిమ్మే భాగాన్ని ప్రింట్ హెడ్ అంటాం. దాని అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి, అవే నాజిల్స్. రోజూ వాడితే ఏ గొడవా లేదు. మనవాళ్లేమో ఖరీదు పెట్టి కొన్న వస్తువును వాడటం కన్నా గుడ్డ కప్పి దాచుకోవడమే గౌరవం అనుకుంటారు. సిరా లోపలే ఎండి గట్టిపడుతుంది. ఆ తర్వాత గుండుసూది పెట్టి పొడిచి, నా నెత్తిన తెచ్చి పడేస్తారు. సూది గుర్తు చూస్తే చాలు, నాకు ఒళ్లు మండుతుంది.

అలాంటి ఒక మధ్యాహ్నం నస్రీన్ ప్రింటర్ పట్టుకుని ఆటో దిగింది. ఇంటి దగ్గరే బట్టలు కుడుతుంది, అంతకుముందు ఒకటి రెండుసార్లు సిరా కొనడానికి వచ్చింది. ఆమె ప్రింటర్‌కు పూల గుడ్డతో కుట్టిన కవరు, దాని అంచుకు లేసు. నయం, సూది గుర్తులు లేవు.

“అన్నా, నీలం వస్తలేదు. జర జల్దీ చేసియ్యి. మా అమ్మీతోని మస్తు పరేషాన్ అయితున్న” అంది.

నాజిల్ చెక్ తీశాను. అంటే నాలుగు రంగుల సన్న గీతలతో వచ్చే పరీక్ష పేజీ. మూడు రంగులు బాగానే ఉన్నాయి. సయాన్, అంటే లేత నీలం, ఉండాల్సిన చోట ఖాళీ.

“నీలం ఒక్కటి రాకుంటే ఇంత ఆగమెందుకు చెల్లె?” అన్నాను.

ఆమె ఫోనులో ఒక ఫొటో చూపించింది. పెంకుల ఇల్లు, ముందు అరుగు, నడుమ ముదురు నీలం తలుపు.

“గిది చేగుంటల మా ఇల్లు. రోడ్డు పెద్దగ చేసినప్పుడు కూలగొట్టిండ్రు. అమ్మీని నా దగ్గరికి తెచ్చుకున్న. ఇప్పుడు ఆమెకు అన్నీ మర్శిపోతున్నయి. పొద్దుగూకంగనే మూట కట్టుకొని ఇంటికి పోత అని లేస్తది. గీ ఫొటో కాయిదం మీద తీసి ఇస్తే సల్లబడ్తది. కొంగుకు ముడేసుకొని పంటది. నెల, రెన్నెళ్లకు చెమటకు సిరా కరిగిపోతది, మళ్ల కొత్తది తీస్త. ఈసారి తీస్తే దర్వాజ గులాబి రంగొచ్చింది. ‘గిది మన ఇల్లు కాదు’ అని ఇసిరికొట్టింది.”

“స్టూడియోల తీపియ్యక పోయినవా?”

“తీపిచ్చిన. మెరుస్తున్నది, ఏం కనపడ్తలేదు అన్నది. నిన్న నేను అంగట్లకు పోయొచ్చేసరికి ఇంట్ల లేదు. బస్టాండుల దొరికింది అన్నా. చేగుంట బస్సుల కూసున్నది. కండక్టరు మంచోడు కాబట్టి ఆపిండు. లేకుంటే ఆడ దిగి ఎవరింటికి పోతుండె?”

పరీక్ష పేజీని మళ్లీ చూశాను. ముదురు నీలం అంటే సయాన్, మెజెంటా అనే రెండు రంగుల కలయిక. సయాన్ ఆగిపోతే మిగిలేది గులాబీయే. ముసలామె తప్పేమీ చెప్పలేదు.

సిరాను కరిగించే మందు నీళ్లలో తడిపిన మెత్తటి గుడ్డను మడిచి హెడ్ కింద పెట్టి, రాత్రంతా వదిలేశాను. కంప్యూటర్‌లో క్లీనింగ్ అనే బటన్ ఒకటుంటుంది, జనం దాన్నే పదే పదే నొక్కి ట్యాంకు ఖాళీ చేసుకుంటారు. ఎండిన సిరాకు కావలసింది నాననివ్వడం. పొద్దున చిన్న సిరంజికి గొట్టం తగిలించి, నీలం వచ్చే ముక్కుకు పెట్టి, మెల్లగా, చాలా మెల్లగా తోశాను. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత తెల్లగుడ్డ మీద ఒక లేత నీలం మచ్చ లేచింది. అది నెమ్మదిగా విచ్చుకుంటూ, తెల్లవారుజామున చెరువు మీద వెలుగు పరుచుకున్నట్టు గుడ్డంతా పాకింది. ఇన్నేళ్లయినా ఆ ఘడియ నాకు విసుగనిపించదు. పని మరిచి చూస్తూ ఉండిపోతాను.

నస్రీన్ ఫోనులోని ఇంటి ఫొటో ఒకటి ప్రింట్ తీసి, మెషీన్‌తో పాటు పంపాను. అమ్మీ సల్లబడిందని నస్రీన్ ఫోను చేసింది. బాగుంది అనుకున్నాను.

వానలు మొదలయ్యాక మళ్లీ ఫోను. ఈసారి గొంతు మారింది. “ఏం రిపేరు చేసినవన్నా? మధ్యల ఒక్కసారి తీసిన, మంచిగనే వచ్చింది. ఇప్పుడు మళ్ల నీలం లేదు. అమ్మీ పొద్దటి సంది మూట పట్టుకొని కూసున్నది.”

చేసిన పని తిరిగి రావడమంటే నాకు చెంపదెబ్బ తిన్నట్టే. దాన్ని తెమ్మనకుండా సంచి తీసుకుని నేనే పోయాను. రెండు గదుల ఇల్లు. ఒక గదిలో కుట్టుమిషను, పక్కన ప్రింటర్. మంచం మీద అమ్మీ, ఒడిలో మూట. నన్ను చూసి, “బస్సొచ్చిందా బేటా?” అంది.

“వస్తది అమ్మా, జరసేపు కూసో” అన్నాను.

ఈసారి సిరా అంత గట్టిపడలేదు, గంటలో నీలం దిగింది. ఫొటో పెట్టి ప్రింట్ ఇచ్చాను. మెషీన్ చప్పుడు వినగానే అమ్మీ లేచి వచ్చి పక్కన నిలబడింది. మొదట ఆకాశం దిగింది. తర్వాత పెంకులు, గోడ, నీలం తలుపు. ఆఖరుకు గడప. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. కాగితం చేతికి అందగానే గుండెకు హత్తుకుంది. రెండో చేయి చాచి, గోడ మీది బోర్డులో స్విచ్చు టక్కున ఆపేసింది.

“అయ్యో!” అని అరిచాను.

“కరెంటు ఊకెనె వస్తదా?” అని నన్నే కసిరింది.

దొంగ దొరికాడు! కాగితం బయటికి వచ్చినా హెడ్ పని అయిపోదు. అది అంచుకు జరిగి, తడి రబ్బరు మూత మీద కూర్చోవాలి. దాన్ని పార్కింగ్ అంటాం. కొద్ది క్షణాల పని. ఆ కొద్ది క్షణాల్లోనే అమ్మీ గోడ స్విచ్చు తీసేస్తోంది. హెడ్ మూత లేకుండా నడిదారిలో నిలిచిపోయి, మళ్లీ ప్రింటు తీసేదాకా గాలికి ఎండుతోంది. కూతురి పేరు మరిచిపోయినా, అవసరం తీరిన స్విచ్చు ఆపాలన్న అలవాటు మాత్రం ఆమె చేతిని వదలలేదు.

“స్విచ్చుకు టేపు వేస్త” అంది నస్రీన్.

“వద్దు చెల్లె. టేపు పీకి ఆర్పుతది. ఆర్పనీ, కాకుంటే ఈడ ఆర్పాలె” అని ప్లగ్గును కుట్టుమిషను వెనక, ఆమెకు అందని బోర్డుకు మార్చి, ప్రింటర్‌ను ఆన్ చేశాను. దాని మీద పవర్ బటన్ పచ్చగా వెలుగుతోంది. “అమ్మా, ఇగో, దీపం వెలుగుతున్నది చూడు” అన్నాను.

వెలుగుతున్న దీపాన్ని ఆమె ఊరుకోనిస్తుందా? వెంటనే వేలితో నొక్కింది. లోపల కిర్రుమంటూ హెడ్ జరిగింది. ఆమె చెవి దగ్గర పెట్టింది.

“లోపల ఎవరో నడుస్తుండ్రు.”

“ఇంటికి పోతుండ్రమ్మా” అన్నాను. ఎందుకో అదే నోటికొచ్చింది.

చప్పుడు ఆగింది. పచ్చ దీపం దానంతట అదే ఆరిపోయింది. అమ్మీ చాలాసేపు ఆ చీకటి బటన్ మీద చేయి వేసి ఉంచింది.

“చేరిండ్రు” అంది. ఆ తర్వాత కూతురి వైపు తిరిగి, “నడుమల ఆర్పకు బిడ్డా. ఇల్లు చేరనీయాలె” అంది. నస్రీన్ మొహం తిప్పుకుంది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

వాడని హెడ్ ఎండకుండా ఉండాలంటే వారానికొక రంగుల పేజీ తీయాలి. ఈ మాట ప్రతి గిరాకీకి చెబుతాను, ఎవరూ వినరు. నస్రీన్ విన్నది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఇల్లు ప్రింట్ తీస్తుంది. అమ్మీ పక్కన కూర్చుని ఆకాశం నుంచి గడప దాకా చూస్తుంది, దీపం ఆర్పుతుంది, చప్పుడు ఆగేదాకా వింటుంది. మూట మాత్రం ఇంకా ఉంది, అది పోలేదు. కానీ బస్టాండుకు పోవడం ఆగింది.

అప్పటిదాకా నేను ఏ ప్రింటర్ వచ్చినా ఎన్నాళ్లుగా వాడలేదని అడిగేవాణ్ని. ఇప్పుడు మీ ఇంట్లో దీన్ని ఎవరు ఆపుతారని కూడా అడుగుతున్నాను. పొద్దుగూకాక షట్టర్ దించే ముందు నా మెషీన్ల బటన్లు ఒక్కొక్కటే నొక్కి, ఆ చివరి చప్పుడు ఆగేదాకా చీకట్లో నిలబడతాను. అన్నీ చేరాకే తాళం వేస్తాను.