చేత్తో తోలిన జీపు

మామిడిచెట్టు మీంచి పడి నా కాళ్ళు చచ్చుబడి అప్పటికి రెండేళ్ళయింది. గుట్టమీది మా తోపుకు వెళ్ళగలిగేది ఎత్తు పెంచిన మా జీపొక్కటే. దాన్ని నేను ఎక్కలేకపోయేవాణ్ణి. చివరికి ఏర్పేడు మెకానిక్ మునిరత్నం, బటన్ నొక్కితే కిందికి దిగి నన్ను పైకి చేర్చే సీటు బిగించాడు. స్టీరింగు పక్కన ఒక కడ్డీ పెట్టి, "లాగితే పరిగెత్తుతాది, తోస్తే ఆగుతాది. మర్చిపోవద్దన్నా" అన్నాడు.

మర్నాడు ఉదయం నా భార్య సుగుణ పక్కన కూర్చుంది. సగం గుట్ట ఎక్కేసరికి ఆనందం పట్టలేక కేకలు పెట్టాను. అంతలో మలుపులో గట్టు అంచు ఎదురొచ్చింది. కంగారులో కడ్డీని తొయ్యబోయి లాగేశాను. జీపు ముందుకు దూకింది.

"తొయ్యి మామా, ముందరికి తొయ్యి!" సుగుణ అరిచింది.

బలమంతా పెట్టి తోశాను. అంచుకు జానెడు దూరంలో ఆగింది. వెనక మోటారు సైకిల్‌మీద వస్తున్న మునిరత్నం పరిగెత్తుకొచ్చి, "దిగన్నా, కిందికి నేను తోలుకుపోతా" అన్నాడు.

నేను సుగుణకేసి చూశాను. ఆమె సీటు అంచును రెండు చేతులా పట్టుకునే ఉంది.

"ఎందుకు దిగేది? తోపు ఇంకా పైన కదా ఉండాది! పోనీ మామా" అంది.

పైకి చేరేసరికి తోపంతా పూతమీదుంది. నేను ఏడుస్తూనే గట్టిగా హారన్ కొట్టాను. ఆ రోజు సుగుణ కూడా దిగమని ఉంటే, మళ్ళీ స్టీరింగు పట్టి ఉండేవాణ్ణి కాదు.